మగ్గం గుంతలో ఉప్పు

యుద్ధం అమీర్‌పేట దాకా వస్తుందని అందరికంటే ముందు కనిపెట్టింది పంజాగుట్ట కిరాణా దుకాణం చాచా. ఆయన లెక్కలో జపాను వాళ్లు మొదట కలకత్తా మీద పడతారు, తరవాత బెజవాడ, ఆ తరవాత నేరుగా ఆయన దుకాణం. "మధ్యల సికింద్రాబాద్‌ల బండి మారాలె గద చాచా, సామాన్లతోటి కష్టమైతది వాళ్లకు" అని నేనంటే ఆయనకు కోపం వచ్చేది.

"నవ్వు బేటా, నవ్వు. నెత్తి మీద బాంబు పడ్డంక సుత గిట్లనే నవ్వు."

బాంబు పడలేదు. అగ్గిపెట్టెల ధర మాత్రం పైకి లేచింది, మళ్లీ దిగలేదు. గ్యాసునూనె కోసం జనం డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఉప్పు ఒక వారం దొరికితే మరుసటి వారం దొరకదు. చక్కెర సంగతి మేము అడగడమే మానేశాం. అడగని వాడికి కొరత లేదు. పంజాగుట్ట పెద్దమనుషులు సాయంత్రాలు దేశాల పటం ముందేసుకుని చూపుడువేలితో యుద్ధం నడిపేవారు. మా అమ్మ పటం చూడలేదు. గురుగులు కడిగి ఎండబెట్టింది.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లుంటాయి. మాది నేత ఇల్లు. నాయిన వయసులో ఉండగానే సొంత ఊరు విడిచి, మగ్గాన్ని విప్పి ఎడ్లబండి మీద వేసుకొచ్చి అమీర్‌పేటలో మళ్లీ నిలబెట్టాడు. ముందు గదిలో సగం మగ్గానిది, మిగతా సగం మాది. యుద్ధం మొదలయ్యాక నూలు రావడం ఆగిపోయింది. నాయిన ఖాళీ మగ్గం పక్కన కూర్చుని, లేని దుమ్మును తుడిచేవాడు. అన్నా, నేనూ పంజాగుట్టలో ఒక గుత్తేదారు కొట్టులో పల్టను వాళ్లకు ఖాకీ చొక్కాలు కుట్టేవాళ్లం. కొలతలు పెద్ద, నడిమి, చిన్న. సిపాయి ఏ ఒడ్డూ పొడుగూ ఉన్నా ఆ మూడింటిలో ఒకదానికి వాడే సర్దుకోవాలి.

వదినకు నెలలు నిండుతున్నాయి. అది రెండో కాన్పు.

మొదటి కాన్పు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఇక్కడ ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. అదీ వానకాలమే. నొప్పులు సాగుతుండగా కందిలిలో నూనె అయిపోయి దీపం ఆరింది. అప్పటికే చుట్టుపక్కల అందరూ దీపాలు పెట్టేశారు. మా దిక్కు ఒక కట్టుబాటు ఉంది. దీపాలు పెట్టాక ఉప్పు, నిప్పు, నూనె ఇంట్లోంచి బయటికి ఇవ్వరు. ఇస్తే ఇంటి లక్ష్మి వాటి వెంటే గడప దాటిపోతుందట. మేమూ ఎవరికీ ఇచ్చింది లేదు కాబట్టి ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మంత్రసాని చీకట్లో చేతులతో తడుముకుంటూ తన పని చేసింది. బిడ్డ ఏడవలేదు. దీపం ఉండి ఉంటే ఏడ్చేదా అని అన్న అడిగితే, తనకు తెలియదనే మంత్రసాని చెప్పింది. మా అమ్మ అడగలేదు. గోడకు ఆనుకుని తెల్లవారేదాకా కూర్చుని, లేస్తూ లేస్తూ ఒక మాట అన్నది: "ఈ ఇంట్ల ఇంకో బిడ్డ చీకట్ల పుట్టది."

అందుకే వదినకు మళ్లీ నెల తప్పిందని తెలిసిన రోజు మా అమ్మ సంతోషపడ్డ పద్ధతి ఏమిటంటే, అప్పటికప్పుడు బజారుకు పోయి ఒక అగ్గిపెట్టె ఎక్కువ కొనుక్కొచ్చింది.

ఆ తరవాత ఎండాకాలమంతా అదే పని. ఏది కొన్నా చవకది, ఏది కొన్నా కొంచెం కొంచెం. శేరు ఉప్పు కావలసిన చోట ఇంకో గుప్పెడు. దీపానికి నూనె తెచ్చినప్పుడల్లా అందులోంచి ఒక గిద్దెడు వేరే డబ్బాలోకి. వాము, శొంఠి, చింతపండు, నాలుగు సబ్బు ముక్కలు. ముఖ్యంగా అగ్గిపెట్టెలు. దుకాణంలో మనిషికి ఒక్కటే ఇస్తున్నారు. కాబట్టి అమ్మ మనుషులను పెంచింది. పొద్దున నన్ను పంపేది, మధ్యాహ్నం అన్నను, సాయంత్రం మళ్లీ నన్నే, టోపీ పెట్టుకుని పొమ్మని.

"చాచా, ఒక అగ్గిపెట్టె."

చాచా కళ్లద్దాల మీదనుంచి చూశాడు. "టోపీ బాగున్నది. పొద్దుగాల టోపీ లేకుంట తీస్కపోయినవ్ గద?"

"గది మా నాయిన కోసం."

"మీ నాయిన బీడీ సుత ముట్టడు."

"అందుకే ఒక్కటి సరిపోతలేదు చాచా. దేనికి వాడాల్నో ఆయనకు తెలుస్తలేదు."

"అరే, సచ్ బోల్. ఇంట్ల పెండ్లా, జంగా?"

"కాన్పు."

చాచా చేయి గల్లా మీద ఆగింది. మొదటి కాన్పు సంగతి ఆయనకు తెలుసు. అమీర్‌పేట, పంజాగుట్ట మధ్య అప్పట్లో రాళ్లు, పొదలు, సీతాఫలం చెట్లు తప్ప ఏమీ లేవు. ఒక చోట మాట రెండో చోటికి అడ్డం లేకుండా వచ్చేది. ఆయన వెనక్కి తిరిగి రెండు అగ్గిపెట్టెలు తీసి కాగితంలో చుట్టాడు.

"మీ అమ్మతోటి చెప్పు, ఫికర్ చెయ్యొద్దని. ఇగ రేపటి సంది టోపీ ఎందుకు, ఉత్తగనే రా."

సామాను చేరుతున్న కొద్దీ, పెట్టే చోటు సమస్య అయింది. సర్కారు మనుషులు ఇళ్లు సోదా చేసి దాచుకున్న సరుకు పట్టుకుపోతున్నారని ఒక మాట పుట్టింది. మా ఇంట్లో దొరికేది ఉప్పు, చింతపండు. వాటి కోసం వాళ్లు పనిగట్టుకుని అమీర్‌పేట దాకా నడిచి వస్తారా అని నేనడిగితే, "ఉప్పు లేని కూర తిని చూడు, ఎంతదూరమైనా నడుస్తవ్" అన్నది అమ్మ. ఆ రోజు రాత్రి కూరలో నిజంగానే ఉప్పు వేయలేదు.

దాచడానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చోటు మగ్గం గుంత. మాది గుంతమగ్గం. నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంతలోకి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతాడు. నడుము లోతుంటుంది. మట్టి మెత్తి, పేడతో అలికి నాయిన దాన్ని నున్నగా ఉంచేవాడు. ఎండాకాలంలో మా ఇంట్లో చల్లటి జాగా అదొక్కటే. చిన్నప్పుడు మా అన్నా, నేనూ అందులో దిగి తన్నులు తిన్నవాళ్లమే.

"గది మగ్గం గుంత" అన్నాడు నాయిన. "కాళ్లు కడుక్కోకుంట నేను సుత ఎన్నడు దిగలే. అండ్ల ఉప్పు కుండలు పెడ్తవా?"

"ఉప్పు లచ్చిందేవి కాదా? ఆమె కాళ్లు కడుక్కోనే దిగుతది తియ్యి."

"రేపు నూలొస్తె?"

"నూలొచ్చిన్నాడు అన్ని పైకి తీస్త. నీ గుంత నీకే."

"వస్తది. నూలొస్తది" అన్నాడు నాయిన.

"వస్తే మంచిదే" అని అమ్మ గుంతలోకి దిగింది.

ఉప్పు కుండలకు మూతిగుడ్డలు కట్టి ఒక మూలకు. గ్యాసునూనె డబ్బాకు బిరడా బిగించి, చుట్టూ లక్క పోసి ఇంకో మూలకు. అగ్గిపెట్టెలను కొట్టులో మిగిలిన ఖాకీ ముక్కల్లో చుట్టి ఒక పెద్ద గురిగిలో. పైన చెక్క పలకలు పరిచి, పలకల మీద చాప వేసింది. వంటింట్లో వాడకానికి ఒక్క ఉప్పు గురిగి, ఒక్క అగ్గిపెట్టె. మిగతాదంతా కాన్పుకు, ఆ తరవాత బాలింత రోజులకు. అటక మీద పిడకలు కూడా పేర్చింది, బాలింత గదిలో కుంపటికి. ఆ పిడకలు ఖర్చు కాకూడదని ఇంకో పని చేసింది. అంతకుముందు రోజూ పడుకునే ముందు పొయ్యిలో ఒక పిడకను బూడిద కింద కప్పి పెట్టేది. పొద్దున దాన్ని ఊదితే నిప్పు. ఆ అలవాటు మానేసింది.

"గిన్ని అగ్గిపెట్టెలు ఉన్నంక నిప్పును జోకొట్టుడు ఎందుకు?" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఒక జమీందారు కనిపించాడు.

ఇక్కడ నాయిన చెంబు గురించి చెప్పాలి. పొడిగాలి తగిలితే పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకని నేతగాడు గుంతను ఎప్పుడూ తడిగా ఉంచుతాడు. నాయిన రోజూ మొహం కడుక్కుని, చెంబుడు నీళ్లు తెచ్చి గుంతలో చల్లి, మగ్గానికి దండం పెట్టి పనికి కూర్చునేవాడు. మా తాతా అదే చేశాడట, ఆయన తండ్రీ అదేనట. నూలు ఆగింది గాని చెంబు ఆగలేదు. చాప కొస ఎత్తి, పలకల సందుల్లోంచి నీళ్లు చల్లి, దండం పెట్టి, చేయడానికి పనేమీ లేక వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ రోజూ చూసింది. వదిన చూసింది. అన్న చూశాడు. నేను పళ్లు తోముకుంటూ చూశాను. నేత ఇంట్లో పొద్దున్నే గుంతలో నీళ్లు పడటం అంటే వేరే ఇంట్లో కోడి కూయడం లాంటిది. కోడి ఎందుకు కూసిందని ఎవరు ఆలోచిస్తారు?

వానలు పడ్డాయి.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే ఆకాశం తెగింది. అన్న ఖాకీ మూటలతో సికింద్రాబాదు పోయాడు. వాగు పొంగిందని, రేపటిదాకా మనుషులు ఇటు దాటరని ఎవరో చెప్పారు. వాగుకు అంతకుముందే తెలిసినట్టు, వదినకు నొప్పులు సరిగ్గా అప్పుడే మొదలయ్యాయి. నేను గొంగడి కప్పుకుని ఎర్రగడ్డ దిక్కు పోయి మంత్రసానిని తీసుకొచ్చాను. దారంతా ఆమె నన్ను ఒక్కటే అడిగింది: "దీపం ఉన్నదా?" దీపం ఏమిటి, మా ఇంట్లో దీపాల దుకాణమే ఉంది, నువ్వు నడువు అన్నాను.

మేము వచ్చేసరికి ఇల్లు మసకబారింది. ఆమె కాళ్లు కడుక్కుని వదిన గది గడప దగ్గరే ఆగింది. పోయినసారి వచ్చింది కూడా ఈమే.

"పోయినసారి చీకట్ల చేయించిన్రు. గది ఇంకా నా చేతుల మీద ఉన్నది" అన్నది. "దీపం పెట్టున్రి. పెట్టినంకనే ముట్టుకుంట."

"పెడ్తున్న" అన్నది అమ్మ. కందిలి అద్దం తుడిచింది. వత్తి కత్తిరించింది. మూల పలక ఒకటి జరిపి, పైనుంచే చెయ్యి చాపి నూనె డబ్బా అందుకుని, లక్క పగలగొట్టించి నూనె నింపింది. అన్నీ ముందే అనుకున్నట్టు, ఒకదాని వెనక ఒకటి. వంటింటి అగ్గిపెట్టె తెరిస్తే అందులో ఒక్క పుల్ల. గీస్తే తల ఊడి పోయింది.

"గుంతలకెల్లి కొత్తది తియ్యిరా."

నేను పలకలు తీసి దిగాను. కాళ్ల కింద చల్లగా, మెత్తగా తగిలింది. ఉప్పు కుండల మూతిగుడ్డలు నానిపోయి ఉన్నాయి. లోపల వేలు పెడితే వేలంతా ఉప్పునీళ్లలో మునిగింది. అగ్గిపెట్టెల గురిగిలో ఖాకీ ముక్కలు నీళ్లు తాగి ఉబ్బాయి. పల్టను బట్ట అంత బాగా నీళ్లు పీలుస్తుందని కుట్టిన నాకే తెలియదు. ఒక పెట్టె విప్పాను. పుల్లల తలలన్నీ కలిసి ఒకటే ముద్ద, పాకం పట్టిన నువ్వుల్లాగ. ఇంకోటి విప్పాను. ఇంకోటి. అడుగున ఉన్నది కూడా.

"దొరికిందా?" పైనుంచి అమ్మ.

"దొరికినయి. అన్ని స్నానం చేసి ఉన్నయి."

ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. మాట అలవాటుగా వచ్చిందంతే.

అమ్మ వంగి గుంతలోకి చూసింది. గోడల మీద నీటి చారలు చూసింది. తరవాత తల తిప్పి, మూలనున్న ఇత్తడి చెంబును చూసింది. నాయిన కూడా అదే చెంబును చూస్తున్నాడు. ఆయన మొహం ఎట్లా అయిందంటే, పెద్దవాడు కాబట్టి ఊరుకున్నాడు గాని, లేకపోతే గుంతలోకి దిగి నా పక్కన నిలబడేవాడు.

"నీ సంగతి తర్వాత చెప్త" అన్నది అమ్మ. గొంతు పెంచలేదు. "ముందు నిప్పు గావాలె."

పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. కాన్పు కోసం నూనె దాచాం, వత్తి దాచాం, పిడకలు దాచాం. పిడకలు దాచడం కోసం నిప్పును చంపుకున్నాం. లోపల వదిన గట్టిగా అరిచింది. అరుపు ఆగాక చిన్నగా, "అత్తమ్మా, దీపమేది?" అన్నది.

"వస్తున్నది బిడ్డా. నువ్వు భయపడకు, దీపం వస్తున్నది."

నేను చాట ఒకటి నెత్తిన పెట్టుకుని బయటికి దూకాను.

గోడ అవతలి ఇల్లు పెద్దవ్వది. మాకు చుట్టం కాదు, ఊరందరికీ పెద్దవ్వే. భర్త పోయాక ఒక్కతే ఉండేది. నేను పోయేసరికి గూట్లో దీపం అప్పుడే పెట్టి, అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ వానను చూస్తోంది.

"ఎవలది? నువ్వా? మీ వదినకు నొప్పులంట గద."

"నొప్పులే పెద్దవ్వా. జర నిప్పు గావాలె."

ఆమె చుట్ట నోట్లోంచి తీసింది. "ఇప్పుడే దీపం పెట్టినరా."

"ఎరుకే."

"ఎరుకైతే ఎట్ల అడుగుతున్నవ్? మీ అమ్మ ఎండకాలం సంది అగ్గిపెట్టెలు కొంటున్నది గద. గుంతల దాసింది గద."

సోదాకు వచ్చే సర్కారు మనుషులకు తప్ప ఆ గుంత సంగతి అమీర్‌పేట మొత్తానికీ తెలుసన్నమాట.

"అన్ని తడిసినయి. ఒక్కటి సుత అంటుకుంటలేదు."

ఆమె లోపలి దీపం వైపు చూసింది, నా వైపు చూసింది. "నాకు మనసు లేక కాదు బిడ్డా. ఆ పొల్ల నాకు మనుమరాలసొంటిది. కని ఒక్కపారి దీపాలు పెట్టినంక నిప్పిచ్చిన. తెల్లారి ఎద్దు సచ్చింది. ఎనకనే మా ఇంటాయన పోయిండు." కాస్త ఆగి, "మంచి ఎద్దు" అన్నది.

ఇవ్వాలనే ఉంది ఆమెకు. కానీ ఈ విషయంలో మా అమ్మ ఎంత మొండిదో ఈమె అంత మొండిది. ఇంకో ఇంటికి పోతే ఇదే జవాబు వస్తుంది, ఎద్దు ఒక్కటే మారుతుంది. వాన చాట మీద దబదబ కొడుతోంది. గోడ అవతలి నుంచి వదిన గొంతు మళ్లీ వినిపించింది.

నేను ఆ చుట్ట కొసను చూస్తున్నాను. ఎర్రగా వెలిగి, మసకబారి, మళ్లీ వెలుగుతోంది. మా కొట్టులో పగలూ సాయంత్రమూ ఎన్నిసార్లు చూశానో. కొట్టుకుని మాటలు మానేసిన ఇద్దరు దర్జీలు కూడా, ఒకడు బీడీ నోట్లో పెట్టుకుని మొహం ముందుకు చాపితే, రెండోవాడు తన బీడీ ఆనిస్తాడు. దీపాలు పెట్టారా, శుక్రవారమా, ఎవరూ అడగరు.

"పెద్దవ్వా, బీడీ ముట్టించుకుంటనంటె?"

ఆమె చుట్ట బూడిద రాల్చింది.

"బీడీకైతే…" అన్నది మెల్లగా. "గది నిప్పు కాదు గదరా. గది మర్యాద."

"గంతే గద."

"కని నువ్వు తాగవు గద?"

"ఇప్పుడే మొదలువెడ్తున్న."

ఆమె రొండిలో చెయ్యి పెట్టి, చుట్టలు లేని రోజుల కోసం దాచుకున్న బీడీ ఒకటి తీసింది. "ఇగో. నిప్పు మాత్రం నేనియ్య. నువ్వే ఆనించుకో. నేను గటు చూస్త." అని చుట్ట ఉన్న చెయ్యి నా వైపు చాపి, మొహం గోడ వైపు తిప్పుకుని కూర్చున్నది.

ఆనించాను. పీల్చాను. లోకమంతా ఇంత ఇష్టంగా ఎందుకు తాగుతుందో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. దగ్గు వచ్చింది. దగ్గితే ఆరిపోతుందని దగ్గును మింగాను. కళ్లలోంచి నీళ్లు కారాయి.

"ఆగకురా, గుంజుకుంట పో! గుంజకుంటె ఆరిపోతది!" గోడ వైపు తిరిగే అరిచింది పెద్దవ్వ.

బీడీ అలిగిన అల్లుడి లాంటిది, కొంచెంసేపు పట్టించుకోకపోతే చల్లబడి కూర్చుంటుంది. చాటను నెత్తి మీదనుంచి తీసి బీడీకి గొడుగు పట్టాను. నేను తడిశాను, అది తడవలేదు. రెండు అడుగులకు ఒక గుంజు, ఒక గుంజుకు ఒక దగ్గు. గోడ చుట్టూ తిరిగి వచ్చేసరికి కొస బూడిద పట్టి నల్లబడింది. గడప దగ్గర నిలబడి, ఉన్న ఊపిరంతా లోపలికి లాగాను. ఎర్ర చుక్క ఒకటి మళ్లీ కనిపించింది.

ఆ విధంగా నేను జన్మలో మొదటిసారి, తల్లీ తండ్రీ మంత్రసానీ చూస్తుండగా, నోట్లో బీడీతో, పొగ వదులుతూ ఇంట్లోకి నడిచాను.

అమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. నాయిన మాత్రం అటక మీదనుంచి కొబ్బరి పీచు గుప్పెడు లాగి, మగ్గం కింద ఏళ్ల తరబడి దాచుకున్న నూలు చెత్త కొంత అందులో కలిపి, చేతుల మధ్య గూడులాగ పట్టుకుని నా ముందు కూర్చున్నాడు. "పెట్టు." నేను బీడీ కొస అందులో గుచ్చాను. పొగ లేచింది. నాయిన ఊదుగొట్టం అందుకున్నాడు. పెద్దగా ఊదలేదు. తెగిన పోగును కలిపేటప్పుడు ఊపిరి ఎట్లా బిగబట్టి మెల్లగా వదిలేవాడో, అట్లా. నూలు అంచు ఎర్రబడింది. ఎరుపు పాకింది. పొగ నల్లబడింది, తెల్లబడింది, ఇక పోయిందనుకున్నాను. మళ్లీ ఊదాడు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. వదిన లోపల పళ్లు బిగపట్టి మూలుగుతోంది. అమ్మ వత్తిని చేతిలో పట్టుకుని, ఆ గుప్పెడు పీచును చూస్తూ కూర్చున్నది, రెప్ప వేయకుండా.

భగ్గుమన్నది.

అమ్మ వత్తి అంటించింది. కందిలి అద్దం దించింది. లేచి, నడిచి, మంత్రసాని చేతికిచ్చింది. "ఇగో దీపం" అన్నది. మంత్రసాని దాన్ని పైకెత్తి, గదినీ వదిన మొహాన్నీ చూసి, లోపలికి పోయి తలుపు వేసుకున్నది.

నాయినా, నేనూ మిగిలిన నిప్పును కుంపటిలోకి మార్చాం. పిడక మీద పిడక పెట్టాం. ఆరోజు మాకు పిడకల పొదుపు గుర్తు రాలేదు. తలుపు సందులోంచి సన్నగా పసుపు వెలుతురు నేల మీద పడుతోంది. నాయిన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది కొంచెం కదిలితే ఆయనా కదిలేవాడు. వదిన గొంతు పెరిగింది, పెరిగింది, ఆగింది. ఆగిన తరవాత వచ్చిన ఆ కాస్త నిశ్శబ్దంలో మా ఇద్దరికీ పోయిన కాన్పు గుర్తొచ్చింది. నాయిన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు ఏడ్చింది. చిన్న ఏడుపేమీ కాదు. గోడ అవతలి నుంచి పెద్దవ్వ, "పుట్టిందా?" అని కేకేసింది. ఆడపిల్ల అని అమ్మ లోపలినుంచే కేకేసి చెప్పింది. నాయిన నా మోచెయ్యి వదల్లేదు. మర్నాటికి అక్కడ నాలుగు వేళ్ల గుర్తులు పడ్డాయి.

అమ్మ బయటికి వచ్చింది. చేతులు తుడుచుకుంటోంది. కళ్లు తడిగా ఉన్నాయి. ఇప్పుడు నన్ను దగ్గరికి తీసుకుంటుందేమో, ఎట్లా తప్పించుకోవాలా అని చూస్తున్నాను.

"బీడీ ఎప్పటిసంది తాగుతున్నవ్?" అన్నది.

"పొద్దుగూకినప్పటిసంది."

"మస్తు సఫాయిగ గుంజినవ్."

నేను చెప్పింది ఆమె ఇప్పటికీ నమ్మలేదు. అంత ఒడుపుగా బీడీని కాపాడుకుంటూ వచ్చినవాడు ముందునుంచీ అలవాటున్నవాడే అయి ఉండాలని ఆమె తీర్పు. ఆ దగ్గు సంగతి చెప్తే, అది కొత్తవాళ్లకు రాదట, పాతవాళ్లకే వస్తుందట.

పొద్దున అన్న వాగు దాటి వచ్చేసరికి నాయిన మొహం కడుక్కుని, చెంబు నిండా నీళ్లు తెచ్చి, మగ్గం ముందు నిలబడి ఉన్నాడు. చాప లేదు, పలకలు లేవు. అమ్మ గుంతలో దిగి ఉప్పు కుండలు ఒక్కొక్కటీ పైకి అందిస్తోంది. చెంబు పట్టుకున్న చెయ్యి కొంచెం వంగింది. అమ్మ తలెత్తి చూసింది, అంతే. నాయిన వెనక్కి తిరిగి, పెరట్లోకి పోయి, ఆ నీళ్లను బీరపాదుకు పోసి, పాదుకు దండం పెట్టి వచ్చాడు. నూలు వచ్చేదాకా ఆ పాదుకే పోశాడు. ఆ ఏడు బీరకాయలు కాసినట్టు మళ్లీ ఎప్పుడూ కాయలేదు. నూలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

ఉప్పు పోయిందని అన్న అంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఉప్పు ఎటు పోతది? నీళ్లల్ల ఉన్నది." ఆ నీళ్లు వడగట్టి, కుండల్లో పోసి, వానకాలమంతా గరిటెతో కూరలో పోసింది. ఒక గరిటెకు చప్పగా, రెండు గరిటెలకు సముద్రం. అగ్గిపుల్లలను ఎండలో ఆరబెట్టి చూసింది. ఒక్కటీ వెలగలేదు. వాటిని కూడా పారేయలేదు. కుంపటి రాజేయడానికి చిన్న పుల్లలుగా వాడింది.

వాన తెరిపి ఇచ్చిన మొదటి రోజే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. చాచా దగ్గరికి నన్నే పంపింది. ఈసారి సామానంతా ఉట్లలో పెట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీయించింది. అక్కడైతే పొగ తగులుతుంది, వెచ్చగా ఉంటుంది, నాయిన చెయ్యి అందదు. రోజూ పడుకునే ముందు పిడకను బూడిదలో కప్పడం మళ్లీ మొదలుపెట్టింది. ఉట్లలో ఒక దాంట్లో ఉప్పు, ఒక దాంట్లో అగ్గిపెట్టెలు, వాటి పక్కన ఒక బీడీకట్ట.

"గిదెందుకే? మన ఇంట్ల తాగేటోళ్లు ఎవరున్నరు?" అన్నాడు నాయిన.

అమ్మ నా వైపు చూసింది.

యుద్ధం అయిపోయింది. ఆ పిల్లకు ఇప్పుడు పలక పట్టే వయసొచ్చింది. ఇంట్లో దీపం ఆరితే అందరికంటే ముందు అరిచేది అదే. ఉట్లు మాత్రం దిగలేదు. అమ్మ నెలకొకసారి వాటిని దించి, పాత ఉప్పు వంటింటికి, కొత్త ఉప్పు ఉట్లోకి మారుస్తుంది. పాత బీడీకట్టను పట్టపగలు, ఎండ బాగా ఉన్నప్పుడు, పెద్దవ్వకు ఇచ్చి వస్తుంది. పోయిన నెల ఇచ్చినవి మెత్తపడ్డాయని పెద్దవ్వ గోడ అవతలి నుంచి వినబడేటట్టు అన్నది. ఉట్టిని పొయ్యికి ఇంకో జానెడు దగ్గరగా దించమని అమ్మ నాకు చెప్పింది. దించాను.